వెనక సీట్లో పిడత

అసలు పేరేదో ఉంది దానికి, నోరు తిరగనిది.
మా లంకలో మాత్రం పిడతే.
గుండ్రటి పొట్ట, ఒంటి కన్ను, నెత్తిన మూత,
మూత సందులోంచి ఆవిరి.

శనిగ్రహం చుట్టూ మంచుపెళ్ళల మీద పందెం.
నడిపేవాడు జులపాల కుర్రాడు, నవ్వితే పళ్ళన్నీ మెరుపులు.
వెనక సీట్లో పిడత.
ఇంజను వేడెక్కితే నీళ్ళు పొయ్యడం దాని పని,
ఊడిన నట్టుని కాలివేళ్ళతో పట్టుకోవడం,
గెలిచాక ఫొటోలో లేకపోవడం.

ఎక్కడో చల్లటి గదిలో కూచుని
దానికి తెలుగు చెప్పినాయన
మనవైపు వాడే అయ్యుంటాడు.
అందరూ పుస్తకం భాష మాట్లాడే ఆ ఆకాశంలో
కుర్రాడు "వేగం పెంచుము!" అని అరిస్తే
పిడత ఒక్కటే
"ఆయ్, పెంచేత్తన్నానండి" అనేది.
ఆ ఒక్క ముక్కకి ధర్మావతి గారి అరుగు మీద
పద్దెనిమిది మంది పిల్లలం
ఒకళ్ళ మీద ఒకళ్ళం దొర్లిపోయేవాళ్ళం.
తోకచుక్కల మధ్య ముమ్మిడివరం సంత వినపడినట్టు.

ఆదివారం పదకొండింటికి.
ప్రార్థన సగంలో లేచి సువార్తరాజు
చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు.
కిటికీలోంచి టీవీ మాకు సగమే కనపడేది,
ఎడమ సగం ఎండుకొబ్బరి బస్తాల వెనక.
జులపాల వాడు ఎప్పుడూ అటే ఉండేవాడు.
మాకు దొరికింది పిడత.
కాలవలో కొబ్బరిడొక్కల పందెం పెడితే
కుర్రాడి పడవ ఎవరికీ వద్దు,
పిడత పడవ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం.

ఆఖరి పందెం.
బయటి వలయం మలుపులో ఇంధనం గొట్టం చిట్లింది.
పిడత తన మూత పీకి చిల్లుకి అదిమి,
బయటే వేలాడుతూ,
ఆవిరంతా చుక్కల్లోకి పోతుంటే
"మీరెళ్ళిపోండి, నే వత్తాను" అంది.

కరెంటు పోయింది.

అప్పటికే తూర్పు నల్లగా లేచి ఉంది.
ఆ రాత్రి గాలి
తోటల్ని జుట్టుపట్టి ఈడ్చింది.
పదిహేడు రోజులు దీపం లేదు.
తీరా వచ్చాక, ఆదివారం పదకొండింటికి
టీవీలో ఎవరో వంకాయ కూర వండుతున్నారు.

పిడత వచ్చిందా?
వచ్చిందన్నాడు సువార్తరాజు, బైబిలు మీద ఒట్టు.
రాలేదంది నాగమాణిక్యం,
రెండ్రోజులు అన్నం మానేసింది.

మా కామరాజు మావయ్య
కోటిపల్లి పంటు మీద ఇంజను దగ్గర మనిషి.
సరంగు పైన నిలబడి గంట కొడితే
ఈయన కింద, డీజిలు పొగలో, అటు తిప్పి ఇటు తిప్పి.
పంకాకి గుర్రపుడెక్క చుట్టుకుంటే
నోట్లో కత్తి కరుచుకుని మునిగేది ఈయనే.
ఆ గాలికి పంటు తాడు తెగింది.
అప్పటికి జనం దిగారు, సరంగు దిగాడు.
పంటుతో ఈయన పోయాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం
పెరటివైపు నుంచి వచ్చి
గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుని
"గంజుందా?" అన్నాడు.
అత్త గంజి పోసింది, చెయ్యి వణికి కాస్త కింద కూడా.
ఎలా వచ్చావని ఎవరూ అడగలేదు.
ఆ నెలాఖర్న సరంగుకి శాలువా కప్పారు.
మావయ్య కుర్చీలు వేశాడు.

ఇప్పుడా ఇంజను నా చేతిలో ఉంది.
మొన్న మేనకోడలు ఫోనులో
ఆ ఆఖరి భాగం దొరకబట్టింది.
ముక్తేశ్వరం రేవులో, పంటు నిండేలోగా చూశాం.
తెలుగు లేదు. ఏదో భాష,
పిడతకి అందులో సన్నటి పరాయి గొంతు.
కుర్రాడు గెలిచాడు. పూలు, బాణాసంచా, రెండు చందమామలు.
వేలితో ఆపి ఆపి వెతికాను.

ఉంది.
జనం వెనకాల, ఎడమవైపు మూల,
మాకు బస్తాలు అడ్డుండే చోట,
మూత లేకుండా
ఎవరి బండికో నట్టు బిగిస్తోంది.
ఎలా వచ్చిందో చూపించలేదు.

"దీనికా మావయ్యా మీరంతా ఏడ్చింది?" అంది పిల్ల.

పైన గంట మోగింది.
"ఆయ్" అన్నాను,
కిందికి దిగాను.