పాటల నంబర్ల పెట్టె

పులియాంతోపు తెలుగు గుడిలో
నా పని చిన్నది.
గంట కొడతాను, చాపలు దులుపుతాను,
ఆదివారం పాడబోయే కీర్తనల అంకెలు
చెక్క బోర్డుకి తగిలిస్తాను.

ఒక గురువారం
రాత్రి డ్యూటీ దిగి, కార్పొరేషన్ కోటు విప్పకుండానే
ఎలీసమ్మ వచ్చింది.
"తమ్ముడూ, ఆ పెట్టె ఇలా ఇయ్యి."
"ఇయ్యాళ కూడిక లేదు కదక్కా?"
"ఉంది. ఆడాళ్ళది."

ఆసుపత్రి నర్సమ్మ మూడు వారాలొచ్చి
గుండె బొమ్మా, మూత్రపిండాల బొమ్మా
గోడకంటించి, మిషనొకటి అప్పజెప్పి పోయింది.
బొమ్మలు బాగున్నాయి.
కింద రాసిందే ఎవరికీ అందలేదు.
కావలి నుంచో కందుకూరు నుంచో
మా తాతలు చీపుర్లతో దిగిన నాటి నుంచీ
తెలుగు మా నోట్లోనే ఉంది,
వీధిలో ఎక్కడా లేదు.

అక్షరాలు రావు గానీ
నంబరు చెబితే చాలు,
పుస్తకంలో ఆ పాట మీద వేలు పెట్టలేని ఆడమనిషి
మా గుడిలో లేదు.
పాతికేళ్ళుగా చూస్తూనే ఉన్నాను నేను.
అది చదువేనని
తట్టింది మాత్రం ఎలీసమ్మకి.

ఒకటి, రెండు, సున్నా. తగిలించింది.
"ఇది పెళ్ళిపాట. ఈ నంబరొస్తే ఇంటికెళ్ళి వండుకో."
ఒకటి, నాలుగు, సున్నా.
"ఇది ఉపవాస కూడికల్లోది. ఉప్పు తగ్గించు.
ఎండుచేప కూడా. మొహం మాడ్చుకోకు."
ఒకటి, ఆరు, సున్నా.
"ఇది?"
చాపల మీంచి ఎవరో మెల్లగా,
"సమాధుల తోటలో పాడేది."
"ఆఁ. నూట ఎనభై దాటితే మన దగ్గర పాటల్లేవు.
ఆటో పిలవండి."

నవ్వారు.
నవ్వులాగేదాకా ఉండి
బేసిన్ బ్రిడ్జి కింద తల తిరుగుతోందని కూర్చుని
మళ్ళీ లేవని వాళ్ళాయన పేరు చెప్పింది.
"చేతులుంచి ప్రార్థన చేశాం.
చెయ్యాల్సిందే, ఇప్పుడూ చేస్తాం.
కొలవాలని మాత్రం
ఒక్కరికీ తెలీలేదు."

ఆ తర్వాత ఒకరి చేతికొకరు పట్టీ చుట్టుకున్నారు.
మిషను మూలిగినప్పుడల్లా
కాయలు కాసిన ఆ వేళ్ళు
గాల్లో అంకెలు దిద్దాయి.

ఆదివారం అయ్యగారు నంబరు చెప్పారు,
నూట అరవై రెండు.
తగిలించాను.
ముందు వరుస ఆడాళ్ళెవరూ పుస్తకం తెరవలేదు.
అయ్యగారి మొహంకేసి చూశారు.

దీవెన అయ్యీ అవకముందే
ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి
తెల్లంగీ చెయ్యి పైకి మడిచారు.
"కాలు మీద కాలెయ్యకండి, మాట్లాడకండి,"
అంది ఎలీసమ్మ, అయ్యగారితో.
ఆయన మాట్లాడలేదు.
మిషను ఆగింది.
అలవాటుగా నేను పెట్టె తెరిచి
అంకెల్లో తడుముతూ "ఎంతక్కా?" అన్నాను.

"మూసెయ్ తమ్ముడూ.
మనిషి నంబరు బోర్డు మీదికి కాదు."

వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది.
మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినబడే గొంతు
గుసగుసగా అడిగింది:
"ఆవకాయ కూడానా?"