మూడు మెట్లు

ఆగస్టులో బాస్ చేప గట్టు దగ్గర ఉండదు.
గట్టు దగ్గర ఉండేది సెలవుల జనం,
కలువాకుల మీదికి రబ్బరు కప్పని విసిరి విసిరి
అలబామా ఎండకి మెడలు కమిలిపోయినవాళ్లు.
వాళ్లలో నేనూ ఒకణ్ని.
మూడు రోజులు, ఒక్కటీ పడలేదు.

నాలుగో పొద్దున ఎరల కొట్టు గల్లాపెట్టె వెనకనుంచి
ఓర్వెల్లా టిడ్మోర్ అంది:
"నన్ను పడవెక్కించుకో లోనీ. పెట్రోలు నీది, చోటు నాది."

ఎనభై మూడేళ్ల మనిషి.
ఆనకట్ట గేట్లు దించిన ఏడు తొమ్మిదేళ్లట.

పడవ ముందు నా తెర వెలుగుతోంది,
పన్నెండు వందల డాలర్లు, ఇంకా వాయిదాలున్నాయి.
ఆమె దాని మొహం చూడలేదు.
గట్టున నీళ్ల ట్యాంకు చూసింది,
కొండ భుజం మీది నొక్కు చూసింది,
రెండూ ఒక గీతలోకి వచ్చేదాకా చెయ్యి ఊపింది:
కుడికి, ఇంకా కుడికి, అబ్బే, దాటిపోయాం, వెనక్కి.
"ఇక్కడ. లంగరెయ్యి."

చుట్టూ నీళ్లు.
తడిగుడ్డతో తుడిచిన పలకలా, ఏ గుర్తూ లేకుండా.

ఊదారంగు రబ్బరు పురుగు, దానికి ముందు సీసపు గుండు.
విసిరాను. లెక్కపెట్టమంది.
పద్దెనిమిది దగ్గర దారం సడలింది.
"ఇప్పుడు లాగు. పక్కలో పాప లేవకుండా దుప్పటి లాగినట్టు.
చేతికేం తెలుస్తోంది?"
మెత్తగా ఉంది.
"పత్తిచేను. ఇంకా లాగు."
గరగర.
"రోడ్డు. ఆ కంకర మా నాన్న పోసిందే. ఇంకా."
టక్. ఆగి, టక్. ఆగి, టక్.

"మెట్లు," అంది. "మూడు.
ఇల్లు విప్పి కలప అమ్ముకున్నాం.
పొయ్యి రాళ్లు మామయ్య మోసుకుపోయాడు.
మెట్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి."

ఏదో అనాలనుకున్నాను. నోరు పెగల్లేదు.
"అలా మొహం పెట్టకు, చేపలు బెదురుతాయి.
మా అమ్మ వంట రెండోసారి అడిగినవాడు లేడు.
ఇప్పుడు చూడు, వాకిట్లో ఎలా బంతి కట్టి కూర్చున్నాయో."

నిజమే, తెర మీద వరసగా వంకర గీతలు.
కూర్చున్నాయి గానీ తినడం లేదు.
పదకొండు. పన్నెండు.
పురుగు వాటి మూతుల ముందునుంచి
పిలవని పేరంటంలా వెళ్లొచ్చింది.
"ఆగు," అంది ఓర్వెల్లా. "పట్నం వేడెక్కనీ."

ఒంటిగంట దాటాక లంగరు తాడు బిగిసింది.
నీళ్లు కదిలాయి, కంటికి కాదు, తాడుకి తెలిసేంత.
అరవై మైళ్ల అవతల ఎవరో చొక్కా గుండీ విప్పి
ఏసీ మీట నొక్కారు.
ఆనకట్టలో చక్రం తిరిగింది.
అడుగున పాత నది ఒళ్లు విరుచుకుంది.
చిన్నచేపల గుంపొకటి మెట్ల మీదుగా కొట్టుకొచ్చింది.
"ఇప్పుడు."

టక్. ఆగి, టక్. ఆగి
మూడో మెట్టు రాలేదు.
దారం తనంతట తాను పక్కకి నడుస్తోంది.

గడ వంగింది, దాంతో నేనూ.
చాలాసేపు పైకి రానంది,
తర్వాత ఒక్కసారిగా వచ్చింది,
నా పిడికిలి పట్టే నోరు తెరుచుకుని, తల విదిలించుకుంటూ.
పక్కన నల్లటి చార, పాచి పట్టిన ఇత్తడి రంగు.
ఆరు పౌన్లు. కొట్లో ఏడని చెప్పాను.

ఓర్వెల్లా దాని కింది పెదవిని బొటనవేలితో పట్టి ఎత్తింది,
అల్లరి పిల్లాడి గడ్డం పట్టుకున్నట్టు.
"ఎవరింటి పిల్లవే నువ్వు?"

నేను ఐస్ పెట్టె మూత తీసేలోపు
అది నీళ్లలో ఉంది.
"అద్దెకున్నవాళ్లని ఎవరైనా చంపుకుంటారా?" అని
బొటనవేలు గౌనుకి తుడుచుకుంది.

చోటు గుర్తు పెట్టుకుందామని మీట నొక్కితే
యంత్రం పేరు అడిగింది.
"ఏం రాయమంటావు?"
"ఏమీ రాయకు. అది నీ పెట్టెకి తెలిస్తే
రేపు నన్నెవడు పడవెక్కించుకుంటాడు?"

మైనపు కాగితం విప్పి టమాటా శాండ్‌విచ్ సగం ఇచ్చింది.
ఉప్పు ఎక్కువైంది.
వాళ్లమ్మ చెయ్యే అనుకున్నాను.
పైకి అనలేదు.