మూడో చెయ్యి

బాజీ తాత వేళ్ళకి నోరుంది.
మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు
కండువా కిందే మాట్లాడాయవి.
చూపుడు వేలు పట్టుకుంటే ఒకటి,
నాలుగూ కలిపి నొక్కితే నాలుగు,
అరచేతిలో గీరితే అర.
వేలా, వందలా అన్నది కళ్ళలో తేలేది.
చుట్టూ పదిమంది తుమ్ముతూ నిలబడి చూసినా
కండువా ఎత్తేదాకా
ధర ఆ ఇద్దరిదే.

నా వేళ్ళు కొట్లో కీబోర్డు మీద
పగలంతా టిక్కీల లెక్క కొడతాయి:
తేజ నలభై ఏడు, తాలు తొమ్మిది,
కాటా కూలి, కమీషన్.
సాయంత్రానికి గోళ్ళ సందుల్లో ఎర్రటి దుమ్ము.
ఆ వేళ్ళతో కళ్ళు నలుపుకోకూడదని
గుంటూర్లో పసిపిల్లలకీ తెలుసు.
ఇంకేం చెయ్యకూడదో
నాకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
బ్రాడీపేట నాలుగో లైన్లో నెట్ సెంటర్‌కి పోయి
కుర్చీ లాక్కుని బ్యాంకు తెరిచాను.
పాస్‌వర్డు నా తెలివి:
తేజ, పక్కన మూడు మూడు నాలుగు.
రెండు రకాల కాయలు, ఒకటే తాళం,
మెయిలుకీ అదే.
తెర మీద ఏడు నల్ల చుక్కలు పడ్డాయి.
అవే కండువా అనుకున్నాను.

మీటల కింద ఎవడో
ముందే చెయ్యి పెట్టుకు కూర్చున్నాడు.
నొక్కిన ప్రతి అక్షరం
వాడి అరచేతిలో పడింది,
తప్పు కొట్టి చెరిపేసినదాంతో సహా.

రాత్రి పదకొండుకి ముప్ఫై ఎనిమిది వేలు పోయాయి.
ఓటీపీ మెయిలుకే వచ్చింది,
నా కంటే ముందు వాడు చదివాడు.
అందులో ఇరవై వేలు నావి కావు.
మేడికొండూరు చినపిచ్చయ్యవి,
పొద్దున్నే ఎరువుల కొట్లో కట్టాల్సినవి.

తెల్లారేసరికి మెసేజీ:
“మీ సొమ్ము వెనక్కి ఇస్తాం, ఇక్కడ నొక్కండి.”
బ్యాంకు బొమ్మ, బ్యాంకు రంగు.
పేరులో ఒక్క అక్షరం మాత్రం
తాలు కాయలా తెల్లబోయి ఉంది.
టిక్కీ కుమ్మరిస్తే మొదట తాలునే చూసే కళ్ళు నావి,
ఆ పూట ఏడ్చి ఉన్నాయి.
వేలు అప్పటికే దాని మీదుంది.

“ఆగమ్మాయ్” అన్నాడు బాజీ తాత,
టీ గ్లాసు కింద పెట్టి.
“కండువా కిందికొచ్చిన చెయ్యి
ఎవరిదో మాకు తెలిసేది.
కాయ కోసిన చెయ్యి సెగ కొడతది,
సేటు చేతికి ఉంగరాలు గుచ్చుకుంటయ్.
మనిషి లేకుండా చెయ్యొక్కటే వస్తే
కండువా దులిపి భుజానేసుకుని పోయేవాణ్ణి.
పోయిన సొమ్ము దానంతటదే తలుపు కొట్టిందా ఎప్పుడన్నా?”

నొక్కలేదు.
పందొమ్మిది ముప్ఫైకి ఫోన్ చేశాను,
ఆటోలో బ్యాంకుకి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి.
పదకొండు వేలు దారిలో ఆగి తిరిగొచ్చాయి.
మిగతావి రాలేదు.
చినపిచ్చయ్యకి నెలకి రెండు వేలు కడుతున్నాను.
ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంటాడు,
ఆ మంట నీళ్ళతో పోదు.

ఇప్పుడు నా తాళం ఒక పొడుగాటి వాక్యం:
ఎవరికీ చెప్పని ఒక వానరోజు,
దాని వెనక సంబంధం లేని ఒక కూరగాయ.
మెయిలుకి వేరే తాళం, వేరే వాన.
ఊరందరి వేళ్ళూ పడే మీటల మీద
ఏదీ కొట్టను.
ఎవరో పంపిన దారిన పోకుండా
బ్యాంకు పేరు నేనే అక్షరం అక్షరం కొట్టుకుంటాను,
కాటా దగ్గర ముల్లు చూసినట్టు.

మొన్న టీ దగ్గర బాజీ తాత
కండువా పరిచి, చెయ్యి లోపలికి పెట్టి
“కొత్తదేంటో నాకన్నా చెప్పు” అన్నాడు.
కింద ఆయన వేళ్ళు తగిలాయి,
కాయలు కాచి గరుగ్గా,
అనుమానం లేదు, ఆయనవే.
అయినా పిడికిలి విప్పలేదు.
ముసలాయన రెండుసార్లు తుమ్మి
“ఇంక నిన్ను బేరానికి పంపొచ్చు” అన్నాడు.