గీత కొట్టిన పుట

ఫ్రీసియా తీరాన ఉత్తర సముద్రం
రోజుకు రెండుసార్లు చాప చుట్టుకుని వెళ్తుంది.
అప్పుడు బయటపడే ఏడు కిలోమీటర్ల బురద మీద
ఉత్తరాల సంచీతో నేను నడుస్తాను,
పదకొండు ఇళ్ల దీవికి.

దారి అని ఒకటి ఉండదిక్కడ.
నిన్న మోకాలి లోతు పాయ
ఇవాళ నడుం లోతు.
నిన్న బరువంతా మోసిన ఇసుక
ఇవాళ మడమను మింగి, మెల్లగా పిక్కను అడుగుతుంది.

ఈ పని నాకు నేర్పింది నోమ్మెన్ ముసలాయన.
ముప్పైనాలుగేళ్లు నడిచాడు.
తెల్లవారుజామున స్టవ్ మీద కాఫీ కాగేలోపు
టోపీ తీసి బల్ల మీద పెట్టి
ఆ రోజు వాక్యం చదివేవాడు, బిగ్గరగా,
కరెంటు బిల్లు చదివినట్టు.
తర్వాత ఒక్క మాట: "ప్రభువా, ఇవాళ్టిది."
అంతే. ఆమెన్ కూడా కాఫీలోనే కలిసిపోయేది.

నాకు నవ్వొచ్చేది.
ఇన్నేళ్లు నడిచినవాడు
ఇంకా బడిపిల్లాడిలా పలక పట్టుకుని నిలబడటమేమిటి?

ఆయన పోయాక కూతురు ఆల్కె
నూనెగుడ్డలో చుట్టిన నోటుబుక్కులు తెచ్చిచ్చింది, పంతొమ్మిది.
ఏ పాయ ఎక్కడ, ఎంత లోతు, గాలి ఎటు,
తేదీలతో సహా.
నిధి దొరికిందనుకున్నాను.
ఇక ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాను.

మార్చి నెల.
చివరి పుస్తకం, చివరి పుట చేతబట్టుకుని బయల్దేరాను.
పొద్దున వాక్యం తెరిచాను కానీ
ఎవరికి ఎవరు కొడుకో పేర్ల వరస; మూసేశాను.
సగం దూరంలో మంచు కమ్మింది,
తడిసిన దుప్పటి నెత్తిన పడ్డట్టు.
పుటలో పాయ ఉన్న చోట గట్టి నేల.
గట్టి నేల ఉన్న చోట నేను,
తొడల దాకా.

స్వరమేదీ వినబడలేదు, ఉన్నమాట చెబుతున్నా.
సంచీలో ఒక పింఛను కాగితం, చిక్కుడు విత్తనాల పొట్లం,
బోటిల్లా అవ్వ మోకాళ్లకు మందు.
నోటికొచ్చింది ఆయన మాటే: "ఇవాళ్టిది."
అడిగాక చెవి ఖాళీ అయింది.
ఖాళీ అయిన చెవికి
మొదటిరోజు పాఠం మళ్లీ తగిలింది:
"దారి కోసం కళ్లు చించుకోకు.
నీళ్లు ఎటు లాగుతున్నాయో కాలిని అడుగు.
లాగేవైపు లోతు."

కర్రను అడ్డంగా పడేసి, దాని మీద వాలి
ఊడని పన్ను పీకినట్టు
ఒక్కో కాలూ పీక్కున్నాను.
చీలమండ చుట్టూ సన్నటి లాగుడు, ఎడమకు.
కుడికి ఒక అడుగు. ఆగడం. మళ్లీ అడగడం.
ఇంకో అడుగు.
గంటన్నర అలాగే.
ఒక్క అడుగూ ముందుగా తెలిసింది కాదు,
ఒక్కటీ ఆలస్యంగా తెలిసిందీ కాదు.

ఆ రాత్రి బోటిల్లా అవ్వ పొయ్యి దగ్గర
నోటుబుక్కు ఆరబెడుతూ చూశాను,
ఇన్నాళ్లూ చూసీ చూడనిది:
ప్రతి పుట మీదా మూల నుంచి మూలకు
ఒక పెన్సిలు గీత, పక్కన అదే రోజు సాయంత్రం వేళ.
ఆ రోజు పని అయిందన్న గుర్తేమో అనుకునేదాన్ని.
కాదు. ముప్పైనాలుగేళ్ల చదువు,
ఏ రోజుకారోజు చెరిపేసుకున్న పలక.

మరి రాయడమెందుకు?
ఆల్కెను అడిగితే భుజాలెగరేసింది.
"ఏమో. నాన్న తీసుకున్న అప్పులన్నీ
రాసుకునేవాడు."

ఇవాళ నీళ్లు తీసేది ఆరూ నలభైకి.
కాఫీ పొంగింది, స్టవ్ తుడవాలి.
వాక్యం సగమే అర్థమైంది,
మిగతా సగం బురదలో తెలుస్తుందేమో.
టోపీ బల్ల మీద ఉంది.
నిన్నటి పుట మీద గీత కొడుతుంటే
చెయ్యి కొంచెం వెనకాడింది,
నిన్నటి దారి చాలా బాగుండింది మరి.

ప్రభువా,
ఇవాళ్టిది.