నూట డెబ్బై ఓల్టులు

చిత్తూరులో రాత్రి తొమ్మిదిన్నర.
కట్టమంచి రోడ్డులో షట్టరు సగం దించి
ఒక బోరు మోటారుకి తీగ చుడతా ఉండా.
లెక్క తప్పితే మళ్ళా మొదట్నించే, అందుకని
ఫోను మోగినా ఎత్తలే. నూట పన్నెండు. నూట పదమూడు.
నాలుగోసారి ఎత్తినా.

"అక్కా, నేను, ఢిల్లీబాబుని."
బెయిరా అంట, ఆఫ్రికాలో సముద్రం పక్కన ఊరంట,
వాళ్ళకింకా సాయంత్రం ఆరేనంట.
టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు బాడిగకి పట్టినాడంట.
కిటికీ గ్రిల్లులు, తోపుడుబండి ఇరుసులు,
చేపల పడవకి నిచ్చెన,
పనికి కొదవ లేదు. మిషనే లేదు.

ఫోను తిప్పి చూపించినాడు.
ఒకటి ఎర్రది, కొత్త పెండ్లికొడుకు పెట్టె మాదిరి మెరస్తా ఉండాది,
ఐదు కిలోలు, భుజానికి తగిలించుకోవచ్చు.
ఇంకొకటి పాతది, ఇద్దరు మోస్తేగాని కదలదు,
తుప్పు చక్రాలు, పెయింటు కింద ఇంకో పెయింటు.
"ఏది తీసుకునేది?"

నా చూపు పాతదాని మీదనే నిలబడింది.
దాని కడుపులో ఏముండాదో నాకు తెలుసు.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీల సీజన్లో
దొరస్వామి మేస్త్రీ అట్లాంటిదాన్నే రేయింబగళ్ళు కాల్చి
పొగొస్తే తెచ్చి నా ముందర పడేసేవాడు.
మాడిన వార్నీషు వాసన పట్టుకుని పోయి
ఏ చుట్టు తెగిందో వేలు పెట్టి చూపించేదాన్ని.

"మూత తియ్యిరా. తీగని బ్లేడుతో గీకు."
గీకినాడు. రాగి.
ఎంత సంతోషమంటే
నా మోటారు లెక్క మర్చిపోయినా.

అదే కొను, అనబోయినా.
అంతలో వాని తలపైన బల్బు కనబడింది,
పండు గుమ్మడి రంగులో.
"ఆ బల్బు ఎప్పుడూ అట్లనేనా?"
"సాయంత్రమైతే ఇంతే అక్కా. వీధంతా వంటలు గదా."
మీటరు పెట్టమన్నా.
నూట డెబ్బై.

నూట డెబ్బైలో ఆ ముసలిదానికి
రాడ్డు ఇనుముకి అతుక్కుంటాది, ఫ్యూజు ఎగిరిపోతాది,
సగం ఉడికిన కూరలతో వీధంతా చీకటి.
ఆడోళ్ళంతా నీ షెడ్డు కాడికొస్తే
మాట రాని ఊర్లో ఏమని చెప్తావు?

ఎర్రది ఓర్చుకుంటాది.
అయితే దాంట్లో చుట్లు అగ్గిపెట్టెంత,
మిగతాదంతా పచ్చ బోర్డు, చీమలంత ముక్కలు.
అది కాలితే ఇక్కణ్ణించి నేను
ఒక్క మాట సాయం చెయ్యలేను.
ఇది నోట్లోంచి వచ్చేదానికి కొంచేపు పట్టింది.

"ఎర్రదే తీసుకో.

"ఉప్పుగాలి. వారానికొకసారి బ్రష్షుతో లోపల దులుపు.
రెండొందల యాంపులని పెద్దగా రాసుంటాది,
పక్కన అరవై శాతమని చిన్నగా ఉంటాది, అది చదువు.
పది నిమిషాల్లో ఆరే కాల్చేది.
నాలుగు నిమిషాలు దాన్ని వదిలెయ్, నువ్వూ నీళ్ళు తాగు.
రాడ్లు చెక్కపెట్టెలో, లోపల బల్బు వెలిగించి,
వానల్లో మనం పెట్టేవాళ్ళం చూడు, అట్ల.
మిగిలిన దుడ్డుతో మొగమంతా కప్పే అద్దం కొను.
కాదు, అది ముందు కొను.
దొరస్వామి ఉర్లగడ్డ చెక్కలు కండ్లకి పెట్టుకుని
గోడకి తల కొట్టుకున్న రాత్రి నువ్వుండావు గదా.
మోటారు కాలితే నేనుండా.
కంటికి రీవైండింగ్ లేదు."

ఆ రాత్రి బోరు మోటారుని మొదట్నించి చుట్టినా.

తొమ్మిది దినాలకి మళ్ళా ఫోను. పలకరింపు లేదు.
పక్కన పెట్టి కాలస్తా ఉండాడు, నన్ను వినమని.
ముందు చిటపట, మధ్యమధ్య ఉమ్మినట్టు,
తర్వాత సర్దుకుని
బెల్లం పెనంలో పాకం ఉడుకు పట్టినట్టు.
ఆపి, "ఎట్లుందక్కా?" అన్నాడు.

"పొడుగు పట్టినావు," అన్నా. "ఇంకొంచెం దగ్గిరికి."