చిటపట

సోమవారం తెల్లారగట్ల
సీసం పెట్టెలోంచి పాలు పితుకుతాను.
మా డిపార్టుమెంటులో దీన్ని ఆవనే అంటాం.
కొమ్ముల్లేవు, తోక లేదు,
వారం తిరిగేసరికి వట్టిపోతుంది.

ఇవాళ్టి పాలు మస్తాన్‌బీకి.
మిర్చియార్డులో టిక్కీల నీడన
ఇరవై రెండేళ్లు తొడిమలు తీసిన వేళ్లు.
సూదికి చెయ్యి చాపితే
తుమ్ము నాకొచ్చింది.

"ఒళ్లు నొప్పులంటే గ్యాసన్నారు,
మతిమరుపంటే వయసన్నారు,
కిడ్నీలో రాళ్లంటే గుంటూరు నీళ్లన్నారు.
కిందటేడు బెజవాడలో మెడ కోసి
ఏమీ కనపళ్లేదని కుట్టేశారు."
ఆ గొంతులో కోపం లేదు.
ధర పలకని సరుకు
ఇంటికి తోలుకొచ్చినట్టు చెప్పింది.

దొంగ గ్రంథి గొంతు వెనకాల ఎక్కడో నక్కింది,
కందిగింజంత.
ఎముకల్లో సున్నం తోడి నెత్తుట్లో పోస్తూ
మనిషికే సున్నం పెడుతోంది.

"ఈ పూట చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు" అన్నాను.
"నాలో ఏం పోశావమ్మా?"
దీపం అనబోయి ఆగాను, మరీ ఎక్కువవుతుందని.
"ఆచూకీ" అన్నాను.
తల ఊపింది, పోలీసు స్టేషన్లో విన్న మాటే కదా అన్నట్టు.

థియేటర్లో
డాక్టర్ హైమవతి చేతిలో పెన్నులాంటి గొట్టం.
భుజం దగ్గర ఒకటీ అరా చప్పుడు.
ఎడమకి, ఊహూఁ.
ఇంకాస్త కిందికి, కాగని నూనె.
పాత కుట్ల గట్టిదనం దాటి
అన్నవాహిక వెనక్కి మొన వంచగానే
తాలింపులో ఆవాలు!
చిట చిట చిటపట చిటపట
మత్తు డాక్టరు తలెత్తాడు.
నర్సు సుగుణ "అదే, అదే" అంది,
జారిపోయిన చెవిపోగు ఇసుకలో దొరికిన పిల్లలా.

తీసి గిన్నెలో వేశారు.
ఇప్పుడు గిన్నె అరుస్తోంది.
మెడ దగ్గర మళ్లీ ఒకటీ అరా,
అంతే.

ఆరు గంటలకు సగం,
మరో ఆరు గంటలకు అందులో సగం,
ఎల్లుండికి ఆచూకీకే ఆచూకీ ఉండదు.
నేను పోసింది అలా ఇంకిపోతుంటే
ఒక్కోసారి బెంగ.
చాలాసార్లు అదీ ఉండదు,
అరండల్‌పేటలో ఆటో దిగి
వంకాయలు బేరమాడుకుంటాను.

ఆ రాత్రి మూకుడు కాగింది.
ఆవాలు పేలాయి.
గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను,
ఎందుకో
నా మెడ తడుముకుంటూ.