ముప్పై ఎనిమిది రోజుల పొర

కోరుట్ల. పాత బస్టాండు వెనక ఖాళీ జాగా.
ఏడింటికి మున్సిపాలిటీ ట్రాక్టరు వస్తుంది.
మాకున్నవి రెండున్నర గంటలు,
రెండు తాపీలు, ఒక జల్లెడ,
గోదావరి ఒడ్డు తవ్వకాల్లో
నాతో మూడేళ్ళు మట్టి మోసిన ఓదెలు.

నిన్న పొద్దుగూకేదాకా ఇక్కడ బీడీ కార్మికుల టెంటు.
రాత్రి ఏదో కాగితం మీద సంతకాలయ్యాయట.
వెయ్యికి ఎంత పెరిగిందని అడిగితే
ఎవరూ సూటిగా చెప్పలేదు.

తాడు మరిచిపోయి వచ్చాను.
బూదవ్వ కొంగుముడి విప్పి
గులాబీరంగు బీడీదారం ఉండ చేతిలో పెట్టింది.
దాంతోనే గడులు, మీటరుకు మీటరు, ఇరవై.
మసక వెలుతురులో కనబడక
నా గీతలకు నేనే రెండుసార్లు తట్టుకున్నాను.

కర్రల గుంతలు పదహారు.
కర్రలు టెంటుహౌసుకు వెళ్ళిపోయాయి.
వెయ్యేళ్ళ నాటి ఇంట్లోనూ ఇంతే దొరికేది మాకు:
కర్ర కాదు, అది నిలబడ్డ చోటి నలుపు.
ఓదెలు ఒక గుంతలో వేలు పెట్టి,
"తడి ఆరలే మేడం" అన్నాడు.

పందొమ్మిదో రోజు వాన పడిందన్నారు.
అదిగో, వేలెడు మందం ఎర్రబురద
ఎండి, పెంకులు పెంకులుగా లేచి,
దాని మీద చెప్పుల్లేని మడమలు.
బురద కింద:
బంతిపూల రేకులు, ఫ్లెక్సీ ముక్క మీద సగం మీసం,
బిర్యానీ పొట్లాల రబ్బరు బాండ్లు,
నీళ్ళ ప్యాకెట్లు నూట పన్నెండు.
బురద పైన:
ఉల్లిపొట్టు, చింతగింజలు, దగ్గుమాత్రల రేకు,
నీళ్ళ ప్యాకెట్టు ఒకటి.
ఎవరెవరు ఎప్పుడు రావడం మానేశారో
పేపర్లో వెతికాను, లేదు.
ఇక్కడుంది, నాలుగు సెంటీమీటర్ల లోతున.

ఏడో గడిలో తునికాకు కత్తిరించే రేకు ఫర్మా,
ఒక అంచు బొటనవేలికి అరిగి వంపు తిరిగింది.
ఫోటోల్లో కొలబద్ద బదులు దాన్నే పెట్టాను.

జల్లెట్లో బీడీ ముక్క. "ఇది నీదా?" అన్నాను.
ఓదెలు నవ్వాడు.
"అప్పట్ల నేను తాగి పడేస్తె సారు కల్తీ అని తీసి పారేసిండు.
గిప్పుడు రాసుకుంటవా?"
రాసుకున్నాను. గడి తొమ్మిది, పై పొర, ఓదెలుది.

పద్నాలుగో గడిలో ఏమీ లేదు.
గింజ లేదు, దారప్పోగు లేదు,
నేల మాత్రం చాటంత మేర నున్నగా, గట్టిగా.
పొరపాటేమోనని మళ్ళీ గీకాను.
బూదవ్వ దారం అవతలే నిలబడి,
"అది శాంతవ్వ జాగ బిడ్డా.
రోజూ లేసేటప్పుడు ఊడ్చి లేస్తది.
పరాయి జాగల కూసున్నం గదా అంటది."
ఫారంలో 'లభించినవి' అన్న గడి ఎదుట
కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఏడు కాకముందే చీపురుతో ఎల్లుబాయి వచ్చింది.
మోకాళ్ళ మీదున్న మా ఇద్దరినీ చూసి,
"ఏమన్న పోయిందా?" అంది.
"పోలే. ఉన్నయి రాసుకుంటున్నం," అన్నాడు ఓదెలు.
ఆమె కాసేపు ఆలోచించింది.
ట్రాక్టరు డ్రైవరుకు చెయ్యి అడ్డం పెట్టి,
"చాయ్ తాగి రాపో" అని పంపేసి,
గులాబీ దారానికి చీపురు తగలకుండా
అంచు వెంబడి
ఊడ్చుకుంటూ పోయింది.